కనబడని గీత

పూర్వం ఒక రాజ్యంలో బండ్లు, పల్లకీలు ఉన్నవాళ్లంతా ఏటా రక్షణనిధికి సుంకం కట్టేవారు. దెబ్బతింటే నిధి బాగుచేయించేది. అయితే అలా బాగుచేయించుకున్నవాళ్లకు మరుసటేడు నుంచి సుంకం రెండింతలయ్యేది.

గుర్నాథం కొత్తగా రంగు వేయించిన తన బండిని వెనక్కి తిరిగి చూసుకుని మురుస్తూ తోలి, కోటగోడకు రాసేశాడు. జానెడు గీత పడింది. "ఎద్దులు రెండూ ముందుకే చూస్తున్నాయి. వెనక్కి చూసిన పశువును నేనే!" అని నెత్తి కొట్టుకున్నాడు.

అంతలో నిధి అధికారి భీమశంకరం పల్లకి దిగాడు. "పరిహారం రాయించుకో. చిన్న గీతే కదా అని దాచావో, బండి జప్తు!"

రెండింతలు కడితే ఎద్దులకు గడ్డి కూడా మిగలదు. గుర్నాథం చేతులు కట్టుకున్నాడు. "చిత్తం. తమ పల్లకికీ గీత పడినట్టుంది. ముందు తమది రాయించండి, వెనకే నాది."

అధికారి తన పల్లకి మీది గీతకు అడ్డంగా జరిగి నిలబడ్డాడు. "గీతా? నాకెక్కడా గీత కనబడటం లేదే!"

"అయితే నాకూ కనబడటం లేదండి."

గుర్నాథం మీసం మెలేస్తూ ఇల్లు చేరాడు. గుమ్మంలోనే భార్య నిలదీసింది. "బండి ఎక్కడ గుద్దుకొచ్చావయ్యా?"

"అధికారికే కనబడని గీత నీకెలా కనబడిందే?"

"గీత నేనింకా చూడనేలేదు. నీ మొహం చూసి అడిగాను."