లీలావతి టీచరు వంతు

మనసు బాగాలేనప్పుడల్లా సంజీవి, కొండ మీది బౌద్ధ విహారానికి వెళ్లి అక్కడి భిక్షువు సుమన భంతే దగ్గర కాసేపు కూర్చుంటాడు. ఆ రోజు మాత్రం ఒక తగాదా మోసుకుని వెళ్లాడు.

వాళ్ల సాఫ్ట్‌వేర్ కంపెనీ, జబ్బు చేసి మాట పడిపోయినవాళ్ల కోసం ఒక యాప్ చేస్తోంది. తెర మీద బటన్ నొక్కితే ఫోన్ ఆ మాటను పైకి పలుకుతుంది. మొదట లీలావతి టీచరు కోసం చేయాలనుకున్నారు. సంజీవి వాళ్ల పేటలో సగం మందికి అక్షరాలు దిద్దించిన మనిషి. నరాల జబ్బు మాటనూ కదలికనూ ఒక్కొక్కటే లాక్కుపోగా, ఆమెకు ఇప్పుడు కుడిచేతి చూపుడువేలు ఒక్కటే కదులుతోంది.

సంజీవిది ఒకటే పట్టు. ఏ మాటలుండాలి, ఏ తెర ఎలా ఉండాలి, ఏ నెలలో ఏది పూర్తవ్వాలి, అంతా ముందే తేలాలి. ఆ తర్వాతే పని. తోటి ఉద్యోగి రెహానా ఒప్పుకోదు. రెండు వారాలకు సరిపడా చేసి, చూపించి, దిద్దుకుంటూ పోదామంటుంది.

"ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. నీ ప్లాను అంతే," అంది మీటింగులో, అందరి ముందూ.

"నీది గానుగెద్దు నడక. తిరుగుతూనే ఉంటావు," అన్నాడు ఇతను.

వీళ్లతో పడలేక మేనేజరు ఇద్దరినీ ఎవరి దారిలో వాళ్లని చేయమన్నాడు. సంజీవి యాప్ నిండుగా తయారయ్యేసరికి వేసవి వెళ్లిపోయింది. అప్పటికి టీచరు వేలు ఆ చిన్న బటన్ల మీద నిలవడం లేదు. రెహానాది తొందరగానే వచ్చింది గానీ, మార్పు చేసినప్పుడల్లా బటన్లు చోటు మారేవి. నేర్చుకున్నది మళ్లీ నేర్చుకోలేక టీచరు కళ్లు మూసుకునేవారు.

"భంతే, రేపు ఆఫీసులో తేల్చి చెప్పాలి. రెండు పద్ధతుల్లో ఏది మేలంటారు?" అన్నాడు సంజీవి. తనదే మేలనిపించుకోవాలని అతని ఆశ.

భంతే లేచి చెప్పులు వేసుకున్నారు.

"ఆ టీచరు ఇంటికి తీసుకెళ్లు," అన్నారు.

తలుపు తీసింది టీచరు కూతురు సౌభాగ్య. నిద్రలేక కళ్లు పీక్కుపోయి ఉన్నాయి. "సోమవారం అమ్మని ఆసుపత్రిలో చేర్చాలి భంతే. ఊపిరి అందడం లేదు. గొంతుకు రంధ్రం చేసి గొట్టం పెడతారట. నేను సరేనన్నాను," అంది.

భంతే మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నారు. టీచరు వేలి కింద తన అరచెయ్యి పెట్టారు.

"అమ్మా, నేను అక్షరాలు చదువుతాను. మీకు కావలసింది వస్తే వేలు కదపండి. నాకు తొందరేం లేదు."

"క... ఖ... గ..."

సంజీవి అలవాటు కొద్దీ ఫోన్‌లో టైము చూశాడు. సిగ్గేసి జేబులో పెట్టుకున్నాడు.

"చ" దగ్గర వేలు కదిలింది. భంతే గుణింతం చదివారు. "చా" దగ్గర మళ్లీ కదిలింది. తిరిగి "క" నుంచి మొదలుపెట్టారు. చాలాసేపటికి "ల" దగ్గర కదిలింది. ఆ తర్వాత "లు" దగ్గర.

చాలు.

"ఏం చాలమ్మా? ఫ్యానా? కాళ్లు నొక్కడమా?" సౌభాగ్య మీదికి వంగి అడిగింది. వేలు కదల్లేదు. సౌభాగ్య మెల్లగా అడిగింది. "ఆసుపత్రా?"

వేలు కదిలింది.

సౌభాగ్య వంగి అమ్మ కాళ్ల మీద తల పెట్టి ఏడ్చింది.

భంతే బయట వరండాలోకి వచ్చారు. వెనకే సంజీవి వచ్చాడు.

"మా ఇద్దరి యాప్‌ల్లోనూ దాహం ఉంది, ఆకలి ఉంది, నొప్పి ఉంది. ఆ మాట మాత్రం లేదు భంతే."

"ఏ మాటలు కావాలో ఎవరిని అడిగారు?"

"సౌభాగ్య గారిని. నేను ప్లాను చూపించిందీ, రెహానా ప్రతిసారీ చూపించిందీ ఆవిడకే. టీచరుకి మాట లేదు కదా అని..."

"మీ రెండు దారుల్లో ఆమె వంతు ఎప్పుడు వస్తుంది నాయనా?" అన్నారు భంతే.

సంజీవి లోపలికి వెళ్లి స్టూలు మీద కూర్చున్నాడు. టీచరు వేలి కింద అరచెయ్యి పెట్టి, "క" అన్నాడు.