నూకాలు ఉతికిన పంచె

పసిడిమెట్ట ఊరి జనమంతా ఒకప్పుడు గనిదొర గజపతయ్య తవ్విస్తున్న బంగారు గనిలో వాటాలు కొన్నారు. మూణ్ణెల్లకోసారి దొర అందర్నీ చావడికి పిలిచి గని సంగతులు చెప్పేవాడు. ఈసారి పళ్లెం నిండా మెరిసే మట్టి తెచ్చాడు.

"నిన్న గనిలో తీసిందిది! తలా ఇంకో పది రూకలు వేశారంటే మీ పంట పండినట్టే!" అన్నాడు.

వేద్దామని సగం మంది, ఉన్న వాటాలే అమ్మేద్దామని సగం మంది గొడవకు దిగారు. ఒక వాటా ఉన్న చాకలి నూకాలు లేచింది.

"దొరా, తమరెప్పుడైనా గనిలోకి దిగారా?"

"ఛీ, ఆ బురదలోకి నేనా?"

"మరి గనిలో దిగే నలభై మంది బట్టలూ నేనే ఉతుకుతాను. ఎంత జాడించినా బురదే. గనిలో కాలుపెట్టని తమరి పంచె దులిపితే మాత్రం చిటికెడు బంగారప్పొడి రాలింది!"

పళ్లెంలో పొడి కలిపిందెవరో అందరికీ తెలిసిపోయింది. దొర మొహం మాడిపోయింది.

"ఇక గని మానేసి దొరగారిల్లు తవ్వుదాం పదండి," అంది నూకాలు.

జనం నవ్వుతూ పలుగులు అందుకున్నారు. పొద్దుగూకేలోగా దొర అందరి సొమ్మూ తిరిగిచ్చేశాడు.

ఆ గనిలో లాభం కళ్లజూసింది మాత్రం నూకాలొక్కతే. చిటికెడు పొడి ఇంకా ఆమె కొంగుముడిలోనే ఉంది.