ఆదెమ్మ ముక్కులు

ఏరు ఇప్పుడున్న చోట కాకుండా ఇంకా పడమరగా పారే రోజుల్లో, మా ముత్తవ్వకి ముత్తవ్వ కూడా పుట్టని రోజుల్లో, చిత్తడిపర్ర అని ఒక ఊరుండేది. నువ్వు చూశావా అని నన్నడక్కండి. చూసినవాళ్లు చెప్పగా విన్నవాళ్లు నాకు చెప్పారు. నేను మీకు చెప్తున్నాను. అంతే.

ఆ ఊరి నేల ఎప్పుడూ తడే. ఎవరింట్లో గాదె పెట్టినా అడుగు నుంచి చెమ్మ ఎక్కేది. అందుకని ఊరంతా కలిసి ఒకే కొట్టు కట్టుకుని, అందరి విత్తనం వడ్లూ అందులోనే పోసుకునేవాళ్లు. కొట్టు చెడిందంటే ఆ ఏడు నారు లేదు, నాట్లు లేవు. మూటలు కట్టుకుని మెరక ఊళ్లకి కూలికి పోవడమే. అలా పోయినవాళ్లు తిరిగొచ్చేవాళ్లు కాదు.

ముందు వెదురు తడికలతో కొట్టు కట్టారు. ఎలకలు తినేశాయి. అది పీకేసి మట్టిగోడలు పెట్టారు. చెమ్మెక్కి వడ్లు బూజు పట్టాయి. అదీ పీకేసి, ఎత్తుగా రాతి అరుగేసి, ఇటుకా సున్నంతో గోడలు లేపి, తాటిదూలాలు వేసి, పైన పెంకు నేశారు. ఎలక రాలేదు. చెమ్మ ఎక్కలేదు. అయినా వడ్లు వేడెక్కి ముక్కిపోయాయి. చల్లితే ఒక్క మొలక రాలేదు.

తడికని ఎలక చెరిచింది, మట్టిని చెమ్మ చెరిచింది, మరి ఇటుకని ఏం చెరిచిందో ఎవరికీ అంతుబట్టలేదు. దిష్టి అన్నారు. మనవాళ్లకి తెలియనిదంతా దిష్టే కదా.

ఆ కొట్టు అలికే మనిషి పేరు ఆదెమ్మ. మొగుడు పోయాడు. ఒక్కగానొక్క కొడుకు గవరయ్య, కోడలు, ఇద్దరు పసిపిల్లలు. ఆ ఊళ్లో ఒక ఆచారం ఉండేది. కొట్టులో వడ్లు పోశాక చీమ దూరే సందు కూడా ఉంచకూడదు. తలుపు అంచుల దగ్గర్నుంచి చూరు కింద దాకా మట్టీ పేడా కలిపి మెత్తెయ్యాలి. సందుంటే ధాన్యలక్ష్మి బయటికి వెళ్లిపోతుందని భయం. ఆ మెత్తే పని ఆదెమ్మది. ఆమె చెయ్యి పడిందంటే లోపలికి వెలుతురు కూడా పోదని చెప్పుకునేవాళ్లు. ఆమెకి కాస్త గర్వంగానే ఉండేది. ఉండదా మరి?

ఇటుక కొట్టులో వడ్లు పోయిన ఏడు గవరయ్య తల్లి పక్కన వచ్చి కూర్చున్నాడు.

"అమ్మా, ఇంక ఇక్కడ మనకి బతుకు లేదు. మెరకకి పోదాం. నువ్వూ రా."

"మీ నాన్నని పెట్టిన మట్టి వదిలి నేనెక్కడికొస్తాన్రా?"

"నువ్వు రాకపోతే నిన్నొదిలి పోవాలి. పోకపోతే పిల్లలు పస్తుండాలి. నువ్వే చెప్పు, ఏం చెయ్యను?"

ఆదెమ్మ వాడి చెయ్యి పట్టుకుంది. ఒక్కగానొక్క కొడుకు. మెరకకి పోయినవాళ్లు రారని చెప్పాను కదా.

"ఈ ఒక్క పంటకి ఆగరా. ఆ కొట్టు సంగతేంటో చూసొస్తాను."

"నువ్వు చూసేదేంటమ్మా? నువ్వు అలికేదానివి."

"అలికేదాన్ని కాబట్టేరా."

కోడలు చద్దన్నం మూట కట్టిచ్చింది. ఆదెమ్మ ఊళ్లు పట్టుకుని తిరిగింది. ఎవరి కొట్టు కనపడ్డా ఒకటే అడిగేది. "అమ్మా, మీ కొట్టు ఎప్పుడైనా చెడిందా? చెడితే ఎట్టా చెడింది?" పెళ్లివారింటికెళ్లి మీ ఇంట్లో ఎవరు పోయారని అడిగితే ఎలా ఉంటుంది? అలాగే ఉంది వాళ్లకి. కొందరు తిట్టారు, కొందరు తరిమారు. ముగ్గురు మాత్రం చెప్పారు.

ఉప్పు పండించే ఊళ్లో కొట్టు రాతికాళ్ల మీద నిలబడి ఉంది. కింద నుంచి పిల్లి దూరిపోవచ్చు. "ఇదెప్పుడైనా చెడిందా?" అంది ఆదెమ్మ. "నేల మీద పెట్టినన్నాళ్లూ చెడింది. కాళ్లమీద లేపి కింద గాలి ఆడనిచ్చాం, ఆగింది," అంది ఉప్పు మోసే మనిషి.

కొండ కింద ఊళ్లో వెదురు గాదెలు. బయట పేడ అలికారు, పైన గడ్డితో గొడుగులా కప్పారు. గాదె మెడకీ గొడుగుకీ మధ్య జానెడు ఖాళీ. "ఇదెప్పుడైనా చెడిందా?" అంది ఆదెమ్మ. "ఆ ఖాళీ మూసిన ఏడు చెడింది," అన్నాడు ఒక ముసలాయన.

ఆఖరికి పడవల రేవు చేరింది. అక్కడివి పెద్ద పెద్ద కొట్లు, మందపాటి గోడలు. చూరు కింద ఎదురెదురుగా కంతలు. పిట్టలు దూరకుండా వాటికి వెదురుబద్దలు అల్లారు. "ఇదెప్పుడైనా చెడిందా?" అంది ఆదెమ్మ. కాపలా మనిషి నవ్వి, "నువ్వే చూడు అవ్వా," అని తలుపు తీశాడు. లోపల దూలాల దాకా బస్తాలు. అయినా కొత్త వడ్ల వాసనే. బస్తాల మీదికెక్కి కంత దగ్గర ముఖం పెట్టింది. చల్లటి గాలి చెంపకి తగిలింది. అక్కడే కూలబడి, తన చేతులు చూసుకుని ఏడ్చింది.

"ఏమైందవ్వా?" అన్నాడు కాపలా మనిషి.

"ఇన్నేళ్లూ ఈ చేతుల్తోనే లక్ష్మి ముక్కు మూశాను నాయనా."

ఊరికొచ్చి పెదకాపు తమ్మయ్యకి చెప్పింది. తమ్మయ్య మంచివాడే, కాకపోతే వట్టి భయస్థుడు. ఊరందర్నీ పిలిచాడు.

"కొట్టుకి కంతలు పెట్టమంటుంది ఆదెమ్మ. లక్ష్మి వెళ్లిపోతే ఎవరిది పూచీ?" అన్నాడు.

ఆదెమ్మ లేచి నిలబడింది. "బాబూ, లక్ష్మి కూడా ఆడమనిషే కదా. గవరయ్యని కన్నప్పుడు నాకు గాలి తగలకూడదని పురిటిగదికి అన్ని సందులూ మూశారు. ఎప్పుడు తలుపు తీస్తారా, ఎప్పుడు పారిపోదామా అనే చూశాను. కాస్త ఊపిరాడనిచ్చుంటే హాయిగా పిల్లాణ్ణి పెట్టుకుని అక్కడే పడుండేదాన్ని."

వెనకాల ఆడవాళ్లంతా పమిట అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు. మగవాళ్లు నేలచూపులు చూశారు. తమ్మయ్యకి కూడా నవ్వొచ్చింది.

"సరే కానీ. ఈసారి కూడా విత్తనం పోతే ఊరు ఖాళీ, గుర్తుపెట్టుకో."

"తెలుసు బాబూ. ముందు పోయేది నా కొడుకే," అంది ఆదెమ్మ.

గవరయ్య గునపం పట్టాడు. చూరు కింద అటూ ఇటూ ఎదురెదురుగా కంతలు పొడిచి బద్దలు అల్లాడు. లోపల రాళ్ల మీద పలకలు పరిచి, మెరక నుంచి అప్పు తెచ్చిన కాసిని విత్తనంతో ఆ ఏడు పండిన వడ్లు వాటిమీద పోశారు. ఎక్కడ మూయాలో ఎక్కడ వదలాలో ఆదెమ్మ కింద కూర్చుని చెప్పింది.

వేసవి వచ్చింది. ఉక్కపోతకి మనుషులే ఉడికిపోయారు. ఆ ఉక్కలోనే ఆదెమ్మకి జ్వరం తగిలింది. మంచమెక్కిన మనిషి మళ్లీ దిగలేదు. వడ్లు ఏమయ్యాయో చూడకుండానే వెళ్లిపోయింది. గవరయ్య తండ్రి పక్కనే తల్లినీ పెట్టొచ్చాడు.

ఇంకేముంది, ఊళ్లో గుసగుసలు. లక్ష్మి వెళ్లిపోతూ ఆదెమ్మని తీసుకుపోయిందన్నారు. తొలకరి మబ్బు పట్టింది. తమ్మయ్య గవరయ్య దగ్గరికి పరిగెత్తాడు.

"ఒరే గవరయ్యా, ఉన్నవాటినైనా దక్కించుకుందాం. ఆ కంతలు మూసెయ్యరా."

తల్లి పని ఇప్పుడు కొడుకుది. గవరయ్య మట్టీ పేడా కలిపాడు. తట్ట నెత్తినెత్తుకుని నిచ్చెనెక్కాడు. ఊరంతా కొట్టు చుట్టూ నిలబడి చూస్తోంది. పిడికెడు మట్టి తీసి కంత దగ్గర చెయ్యి పెట్టాడు. లోపల్నుంచి గాలొచ్చి ముఖానికి తగిలింది. ముక్కిన వాసన లేదు, వేడి లేదు. కళ్లంలో అప్పుడే నూర్చిన వడ్ల వాసన.

వాడికి దుఃఖం ఆగలేదు. కంతలో ముఖం పెట్టి, "అమ్మా," అని పిలిచాడు.

ఆ పిలుపు కొట్టంతా దాటి ఎదుటి కంతలోంచి బయటికొచ్చింది. అటు నిలబడ్డ ఆడవాళ్లందరికీ వినపడింది. ఎవరు బదులిస్తారు? ఎవరూ నోరు మెదపలేదు. గవరయ్య చేతిలో మట్టి కింద పడేసి దిగొచ్చాడు.

"మూయను బాబూ. లోపల బాగుంది," అన్నాడు.

తలుపు తీశారు. వడ్లు బాగున్నాయి. చల్లితే ఒత్తుగా మొలిచాయి. ఆ ఏడు ఊళ్లోంచి ఎవరూ పోలేదు. గవరయ్య పిల్లలు ఆ ఊళ్లోనే పెరిగారు, ఆ ఊళ్లోనే పెళ్లిళ్లు చేసుకున్నారు.

ఆ పక్క ఊళ్లలో కొట్టు కంతల్ని ఇప్పటికీ ఆదెమ్మ ముక్కులనే అంటారు. ఇప్పుడు సిమెంటు గోడలొచ్చాయి, ఇనప రేకులొచ్చాయి, గోడౌన్లు అంటున్నారు. అయినా కొత్తది కట్టాక సరుకు దించే ముందు మేస్త్రీ నిచ్చెనెక్కుతాడు. కంతలో ముఖం పెట్టి "అమ్మా" అని పిలుస్తాడు. గాలి ఆడే కొట్టయితే పిలుపు అవతలికి వినపడుతుంది. వినపడకపోతే కంతలు మళ్లీ పొడుస్తారు.

అవతలి కంత కింద ఊళ్లోకెల్లా పెద్దావిడని నిలబెడతారు. ఆ పిలిచేవాడు ఏ ఊరివాడైనా సరే, ఎవరి కొడుకైనా సరే. పిలుపు వినపడగానే ఆవిడ తల పైకెత్తి, "ఉన్నాను నాయనా," అని చెప్పాలి.