వేడినీళ్ల తొట్టి, ఊఁ కొట్టే తాబేలు

అనగా అనగా, మన ముత్తాతల ముత్తాతలకి ఇంకా పాలపళ్లు కూడా రాని కాలంలో, ఒక కొండవాలు మీద కోమలగిరి అనే పట్నం ఉండేది. ఊఁ కొట్టండి మరి! మీరు ఊఁ కొట్టకపోతే కథ ఇక్కడే ఆగిపోతుంది, ఆ తర్వాత నన్నని లాభం లేదు.

ఆ పట్నంలో పేరిశెట్టి అనే కర్పూరం వర్తకుడు ఉండేవాడు. ఆయన ఇల్లు పెద్దది, పెరడు ఇంకా పెద్దది. పెరట్లో నాపరాళ్లతో కట్టిన ఈతకొలను ఉంది. ఆయన భార్య కాచమ్మ ముచ్చటపడి కట్టించుకున్న కొలను అది. ఏటి ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి కదా, రోజూ కాసేపు ఈదితే గాని ఆమెకు అన్నం సయించేది కాదు.

కాచమ్మ పోయి చాలా ఏళ్లయింది. పిల్లలు లేరు. కొలను మిగిలింది. ఆ కొలనులో, ఆమె ఒకనాడు ఏటినుంచి తెచ్చి వదిలిన తాబేలు మిగిలింది.

రోజూ సాయంకాలం పేరిశెట్టి దుకాణం కట్టేసి వచ్చి కొలను మెట్ల మీద కూర్చునేవాడు. గుప్పెడు మరమరాలు నీళ్లలో చల్లేవాడు. ఆనాటి సంగతులన్నీ చెప్పుకునేవాడు. సరుకు పడవ ఇంకా రాలేదని, మోకాలు సలుపుతోందని, వంటవాడు వంకాయకూరలో ఉప్పు దిమ్మరించాడని. తాబేలు మరమరాలు నములుతూ అన్నిటికీ "ఊఁ" అనేది. ఆ రోజుల్లో తాబేళ్లు మాట్లాడేవి లెండి. ఇప్పుడూ మాట్లాడతాయేమో, ఆగి వినే తీరిక మనకేదీ?

చివరికి ఎప్పుడూ ఒకటే మాట. "ఎంత చెప్పుకుని ఏం లాభం? నాకెవరూ లేరు" అని నిట్టూర్చి, పంచె దులుపుకుని లేచి పోయేవాడు.

దానికీ తాబేలు "ఊఁ" అనేది. పాపం, అంతకంటే ఏమంటుంది?

ఒక ఏడు చలి గట్టిగా పట్టింది. పేరిశెట్టి శాలువా కప్పుకుని మెట్ల మీద కూర్చుని, నా ఇంటికి ఎవరూ ఎందుకు రారు అని తెగ ఆలోచించాడు. ఆలోచించి ఆలోచించి కొలను వంక చూశాడు. "అవును మరి! ఈ మంచునీళ్లలో ఎవరు దిగుతారు? పక్కనే ఒక వేడినీళ్ల తొట్టి కట్టిస్తే జనమే జనం" అనుకున్నాడు. చూశారా తెలివి! ఆయన ఎన్నడూ ఒకరింటికి వెళ్లింది లేదు, ఒకరిని తన ఇంటికి రమ్మన్నది లేదు. నేరం మాత్రం నీళ్లమీదికి నెట్టాడు. ఒంటరిగా ఉండి ఉండి మనిషికి ఇలాంటి ఆలోచనలే వస్తాయి, నవ్వకండి.

మర్నాడే బొప్పన అనే రాతిపనివాడిని పిలిపించాడు. బొప్పన పెరడంతా తిరిగి చూశాడు. "కొలనుకి ఎగువన నల్లరాతి తొట్టి కడదాం. దాని వెనక పెద్ద పొయ్యి, పొయ్యిమీద రాగి కాగు. కాగులోంచి గొట్టం ద్వారా నీళ్లు తొట్టిలోకి వస్తాయి. ఇంతవరకు బాగానే ఉంది. మరి తొట్టి నిండి పొర్లిన వేడినీళ్లు ఎటు పోవాలి? కొలనులోకి వదలమంటారా? అందులో ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు.

"అందులో ఎవరుంటారయ్యా? ఎవరూ లేరు, వదిలెయ్" అన్నాడు పేరిశెట్టి.

అప్పుడు తాబేలు మెట్టు పక్కనే తల పైకెత్తి ఉంది. ఆ మాట వింది. మెల్లగా తల నీళ్లలోకి లాక్కుంది.

తొట్టి తయారైంది. అంచుకి రాతి సింహం, ఆ సింహం నోట్లోంచి వేడినీళ్లు కొలనులోకి దూకుతుంటే చూడముచ్చటగా ఉంది. పొయ్యి చూసుకోవడానికి పోలమ్మ అనే ముసలామె కుదిరింది. పొగ, మసి చుట్టాల కంట పడకూడదని పేరిశెట్టి పొయ్యికి ముందు ఎత్తుగా గోడ కట్టించాడు. పోలమ్మ గోడకి అవతలే వచ్చేది, అవతలే పోయేది. ఆమె మొహం ఎలా ఉంటుందో కూడా ఆయనకు తెలియదు.

మొదట తోటి వర్తకులు వచ్చారు. పీకల్లోతు వేడినీళ్లలో కూర్చుని "అబ్బబ్బ, ఏం హాయి!" అన్నారు. పేరిశెట్టి సంబరంగా వాళ్ల మధ్య చేరి, తన మోకాలి నొప్పి గురించి మొదలుపెట్టాడు. సగం చెప్పేసరికి ఒకాయన గుర్రు పెట్టాడు. మిగిలినవాళ్లు కళ్లు మూసుకున్నారు. వేడినీళ్లలో ఎవరికైనా నిద్రే వస్తుంది కాని మాటలు వస్తాయా? పోయేటప్పుడు వాళ్లు "తొట్టి భేషుగ్గా ఉంది, కొలనే మరీ చల్లగా ఉంది శెట్టీ" అన్నారు.

ఆ సాయంకాలం తాబేలు గట్టుదగ్గరికి వచ్చింది. "శెట్టిగారూ, నీళ్లు వెచ్చబడ్డాయి. నాకు ఒంట్లో బాగా లేదు" అంది.

"కాసేపట్లో చల్లబడతాయిలే" అన్నాడు పేరిశెట్టి. సింహం నోరు ఇంకాస్త పెద్దది చేయమని బొప్పనకి కబురు పెట్టాడు.

తర్వాత పెదనాన్న కొడుకు సంసారమంతా దిగింది. ఒకరికొకరు తలంట్లు పోసుకున్నారు, వీపులు రుద్దుకున్నారు, కేకలు, నవ్వులు. పేరిశెట్టి తువ్వాళ్లు అందిస్తూ అటూ ఇటూ తిరిగాడు. నీ తలమీదా ఇంత నూనె పెడతాను రా అన్న పాపాన ఎవరూ పోలేదు. తలంటు ఎవరికి వారు పోసుకునేది కాదు కదా, ఇంకొకరి చెయ్యి పడాలి. చుట్టాలు వెళ్లాక ఆయన మిగిలిన నూనెగిన్నె పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాడు.

"శెట్టిగారూ, నీళ్లు కాలుతున్నాయి. మరమరాలు కూడా తినబుద్ధి కావటం లేదు" అంది తాబేలు.

"నా ఇంటికి ఇప్పుడిప్పుడే నలుగురు వస్తున్నారు. అది చూసి నీకెందుకు ఏడుపు?" అని కసురుకున్నాడు పేరిశెట్టి. మనసు బాగాలేనప్పుడు మనవాళ్ల మీదే కదా విసుక్కుంటాం.

ముచ్చటగా మూడోసారి సాక్షాత్తు రాజుగారే వచ్చారు. "తొట్టి ఒక్కటే ఏమిటి, కొలనంతా కాగాలి" అన్నారు. పోలమ్మ పొయ్యినిండా మొద్దులు దోపింది. కొలను మీద ఆవిరి లేచింది. పేరిశెట్టి తాంబూలం పళ్లెం పట్టుకుని మెట్టు మీద వంగి నిలబడ్డాడు. తాబేలు ఈదుకుంటూ ఆయన పాదాల దగ్గరికి వచ్చి "శెట్టిగారూ!" అంది. ఆయన కిందికి చూడలేదు. పక్కకి పొమ్మని కాలితో నీళ్లు చిమ్మాడు.

రాజుగారు జలకమాడి లేచి, "కోటిశెట్టీ, నీ తొట్టి దివ్యంగా ఉందయ్యా. మా కోటలోనూ ఇలాంటిది కట్టిస్తాం" అని వెళ్లిపోయారు. పేరిశెట్టి పేరు కూడా వారికి గుర్తు లేదు.

ఆ సాయంకాలం పేరిశెట్టి మెట్ల మీద కూర్చుని మరమరాలు చల్లాడు. "రాజుగారు వచ్చారు. విన్నావా, నన్ను కోటిశెట్టి అన్నారు" అని నవ్వబోయాడు. ఊఁ వినపడలేదు. "తాంబూలం కూడా నా చేతినుంచే తీసుకున్నారు" అన్నాడు. ఊఁ లేదు. మరమరాలు నీళ్లలో నాని, ఉబ్బి, అలాగే తేలుతున్నాయి.

"నాకెవరూ లేరు" అన్నాడు. రోజూ అనే మాటే. అది నిజం కావటం మాత్రం ఆ రోజే మొదలు.

ఆయన కట్టుబట్టలతో కొలనులోకి దిగాడు. మూలమూలా తడిమాడు. కాచమ్మ చేత్తో తెచ్చిన తాబేలు ఎక్కడా తగల్లేదు. నడుంలోతు వేడినీళ్లలో నిలబడి పెద్దగా ఏడ్చాడు.

గోడ అవతలనుంచి ఒక గొంతు వినిపించింది. "అయ్యా, తాబేలు కోసమా?"

"ఎవరది?"

"నేనయ్యా, పోలమ్మని. పొయ్యి దగ్గరుంటాను. మద్దేనం తూములోంచి బయటికొచ్చి కాలవ వైపు పోయింది."

"ఆపలేకపోయావా?"

"ఆపానయ్యా. ఎక్కడికమ్మా అనడిగాను. ‘ఎవరూ లేని ఇల్లట. ఇంక నాకేం పని’ అనేసి పోయింది."

పేరిశెట్టికి ఆ మాట గుండెలో గుచ్చుకుంది. తెల్లవారగానే చెప్పులు కూడా వేసుకోకుండా వరిపొలాల కాలవ దగ్గరికి పరిగెత్తాడు. గట్టు వెంట వెతగ్గా వెతగ్గా, తుంగ మొక్కల నీడన తాబేలు కనిపించింది. డిప్ప మీద పొలుసు లేచి ఉంది.

"తప్పయిపోయింది. ఇంటికి పోదాం రా" అని పైపంచె పరిచాడు.

"ఎత్తుకుపోతే పోగలరు శెట్టిగారూ, మీరు బలవంతులు. కాని రోజూ ఆ మాట వినడం ఇంక నావల్ల కాదు. మీరు అలా అన్న ప్రతిసారీ, నేను ఇక్కడ ఉన్నానో లేనో నాకే తెలిసేది కాదు" అంది తాబేలు.

"ఇంకెప్పుడూ అననులే."

"అప్పటికప్పుడు అందరూ అలాగే అంటారు. ముందు నీళ్లు చల్లబడనివ్వండి. రాబుద్ధయితే నేనే వస్తాను" అని నీళ్లలో మునిగింది. అది అబద్ధం చెప్పదు, ఇచ్చకాలు ఆడదు. తప్పకుండా వస్తానని మాత్రం చెప్పలేదు.

పేరిశెట్టి ఖాళీ పంచె భుజాన వేసుకుని ఇంటికి వచ్చాడు. రాతి సింహం నోరు మూయించాడు. తొట్టినీళ్లు అరటిచెట్ల వైపు పోయేలా వేరే కాలవ తీయించాడు. పొయ్యి ముందున్న గోడ కొట్టించేశాడు. గోడ పడ్డాక పోలమ్మని మొదటిసారి చూశాడు. చేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. మోకాళ్లు పట్టుకుని గాని లేవలేకపోతోంది.

"పోలమ్మా, నువ్వెప్పుడైనా ఆ తొట్టిలో దిగావా?"

"నేను దిగితే పొయ్యెవరు చూస్తారయ్యా?"

"నేను చూస్తాలే" అని పేరిశెట్టి ఊదుగొట్టం అందుకున్నాడు. ఒక్క ఊదుకే కళ్లనిండా పొగ, గొంతునిండా దగ్గు. పోలమ్మ తొట్టి అంచున కూర్చుని, కాళ్లు వేడినీళ్లలో పెట్టుకుని పగలబడి నవ్వింది. "మీకూ మోకాలు సలుపేగా, మీరూ దిగండి" అంది.

"నీకెలా తెలుసు?"

"రోజూ సాయంత్రం తాబేలుకి చెప్పేవోరుగా. నేను అవతలే ఉన్నానయ్యా."

కోటలో రాజుగారి తొట్టి పూర్తయింది. వర్తకులూ చుట్టాలూ అటే పోయారు, ఒక్కరూ ఇటు తొంగిచూడలేదు. పేరిశెట్టి రోజూ సాయంకాలం చల్లని కొలనులో మరమరాలు చల్లి కూర్చునేవాడు. పోలమ్మ ఇంటికి పోయాక పెరడంతా నిశ్శబ్దం. చలి పోయింది, ఎండలు పోయాయి, వానలు పడ్డాయి. కొలను నిండింది. తాబేలు రాలేదు.

ఒక సాయంకాలం, వాన వెలిసిన తర్వాత, ఆయన మెట్ల మీద కూర్చుని తన ధోరణిలో తాను చెప్పుకుపోతున్నాడు. కర్పూరం పెట్టె తడిసిందని, పోలమ్మ తెచ్చిన గోంగూర పచ్చడి బాగుందని. పాత అలవాటు, నోరు దానంతట అదే తెరుచుకుంది. "ఎంత చెప్పుకుని ఏం లాభం? నాకెవ..."

చప్పున ఆగాడు. ఆ మాట మింగేశాడు.

"నువ్వు లేవు. నాకున్న బాధ అదే" అన్నాడు.

మెట్టు కింద, నీళ్లలోంచి, "ఊఁ" అని వినిపించింది.

కాబట్టి పిల్లలూ, పక్కనే కూర్చుని ఊఁ కొట్టే ప్రాణిని లెక్కలోకి తీసుకోనివాడికి, పట్నమంతా వచ్చి పెరట్లో కూర్చున్నా ఒంటరితనం పోదు.