ళ తోక

ఒకానొక రాజ్యంలో విజయమార్తాండుడనే రాజుగారు ఉండేవాడు. తనకు గురువంటూ ఎవడూ లేడనీ, పుట్టగానే సరస్వతి వచ్చి నాలుక మీద కూర్చుందనీ ఆయన నమ్మకం. అందుకని 'స్వయంభూ విద్వాంసుడు' అనే బిరుదు ఆయనే ఆలోచించి, ఆయనే ఇచ్చుకుని, ఆయనే మొహమాటపడుతూ పుచ్చుకున్నాడు.

ఆ రాజ్యంలో ఒక విద్యాపీఠం. అందులో కొత్తగా చేరిన ఉపాధ్యాయుడికి కూర్చోవడానికి చాప ఇస్తారు. పైకొచ్చినవాడికి పీట వేస్తారు. లింగావధాని చాప మీద కూర్చుని ముప్ఫై ఏళ్లయింది. నేల మీంచి లేస్తుంటే మోకాళ్లు పటపటమనేవి. గోడ పట్టుకుని లేచి, "శివశివా" అని కాసేపు అక్కడే నిలబడేవాడు.

చేతకాక కాదు పాపం. ఓనమాలు దిద్దించే పని ఎవరికీ పట్టదు గనక అది ఆయన నెత్తిన పడింది. పొద్దుటే నలభైమంది పిల్లల చేతులు పట్టుకుని ఇసుకలో దిద్దించి, ముక్కులు తుడిచి, ఏడ్చేవాళ్లను బుజ్జగించి ఇల్లు చేరేసరికి, గ్రంథం రాయడం మాట దేవుడెరుగు, గంటం ఎత్తే ఓపిక కూడా మిగిలేది కాదు. ఆయన దగ్గర దిద్దిన పిల్లలే పెద్దవాళ్లయి ఎక్కడికో వెళ్లిపోయారు. విద్యాపీఠానికి కులపతి అయిన విరూపాక్షభట్టు ఆయన శిష్యుడే. మంత్రి కొమ్మనార్యుడూ అంతే. ఆ మాటకొస్తే రాజుగారు కూడా ఐదో ఏట ఎనిమిది నెలలు ఆయన ముందు కూర్చుని దిద్దినవాడే. కాని ఆ సంగతి ఎత్తితే నాలుక తెగుతుంది. కాబట్టి ఊరంతా మరిచిపోయింది.

ఇక విద్యాపీఠం శాసనం ఒకటుంది, రాజుగారి తాతల నాటిది. 'చాప మీది ఉపాధ్యాయుని రాత ముప్ఫై ఏళ్లలోగా ముగ్గురు పెద్దల చేతుల్లో ఉండవలెను. ఉన్నచో పీట. లేనిచో ఇంటికి బాట.' అంటే, ఆయన రాసిన గ్రంథం ముగ్గురు పెద్దలు చేతపట్టుకుని చదివి ఉండాలన్నమాట. అవధాని రాసిన గ్రంథాలు సున్న.

ఓ మధ్యాహ్నం మంత్రిగారు స్వయంగా రాసిన తాటాకు ఇంటికి వచ్చింది. 'ముప్ఫై ఏళ్లు నిండినవి. రేపు సభకు రావలెను.'

"ఏమని రాశారండీ?" అంది భార్య పేరిందేవమ్మ.

"ఏముందే, ముసలెద్దును సంతకు తోలుకురమ్మంటున్నారు" అన్నాడు అవధాని. "ఈ వయసులో కొలువు పోతే ఇంకెవరిస్తారు? నాకు దిద్దించడం తప్ప మరో పని రాదాయె."

అంటూనే ఆకును మళ్లీ కళ్ల దగ్గరగా పెట్టుకున్నాడు. ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టాడు. ఆయన నవ్వి ఎన్నాళ్లయిందో ఏమో, పేరిందేవమ్మ హడలిపోయింది.

"ఏం లేదే. నా పాపం తిరిగి నా గడపే తొక్కింది" అన్నాడు.

మర్నాడు సభ నిండుగా ఉంది. రాజుగారు మీసం సవరించుకున్నాడు.

"ఏమయ్యా అవధానీ, ముప్ఫై ఏళ్లలో ఏం రాశావు? కావ్యమా?"

"లేదు ప్రభూ."

"శతకమా?"

"లేదు ప్రభూ."

"పోనీ, ఒక్క పద్యం?"

"ఓపిక లేకపోయింది ప్రభూ."

సభ గొల్లుమంది. కులపతి మాత్రం తల వంచుకుని ఉత్తరీయం అంచు చూసుకున్నాడు.

"మరి ఇంటికి బాట పట్టు" అన్నాడు రాజు.

"చిత్తం. ఒక్క కోరిక. నన్ను పొమ్మనే మాట తమరూ, మంత్రిగారూ, కులపతిగారూ ఎవరి చేత్తో వారు రాసి ఇప్పించండి. ఇంట్లో మా ఆవిడ ఊరికే నమ్మదు."

తన దస్తూరీ ముత్యాలకోవ అని రాజుగారికి మహా గర్వం. అడగడమే తరువాయి, గంటం అందుకున్నాడు. 'ముప్ఫై ఏళ్ల కొలువు చాలును. ఇక వెళ్లవలెను.' మిగతా ఇద్దరూ అదే రాశారు.

అవధాని మూడు ఆకులూ తీసుకుని వరసగా పరిచాడు. పక్కన పాత శాసనం ఆకు పెట్టించాడు.

"ప్రభూ, ఇక నా పీట నాకు వేయించండి."

"మతిపోయిందా?"

"శాసనం ఏమంది? నా రాత ముగ్గురు పెద్దల చేతుల్లో ఉండాలంది. ఉంది కదా!"

"నీ రాత మా చేతుల్లోనే ఉందయ్యా, అందుకే పొమ్మంటున్నాం" అని మంత్రి తన చమత్కారానికి తనే మురిసిపోయాడు.

"నేనూ అదే మనవి చేస్తున్నాను బాబూ. ఆ ళ చూడండి." అవధాని వంగి వేలు పెట్టి చూపించాడు. "తాతగారి శాసనంలో ళ తోక బయటికి ఉంది. లోకమంతా అలాగే రాస్తుంది. మీ ముగ్గురి ళకీ తోక లోపలికి చుట్టుకుంది. చిన్నప్పుడు గంటం దిగి నా బొటనవేలు వంకరపోయింది. తోక బయటికి తిప్పలేను. నా తప్పే నా పిల్లలందరికీ పట్టుబడింది. ముప్ఫై ఏళ్లుగా సిగ్గుపడి దాచుకున్నాను. నేను రాసింది ఇదొక్కటే ప్రభూ. ఇది తమ చేతుల్లోనే ఉంది."

కులపతి తన ఆకు చూసుకుని లేచి నిలబడిపోయాడు. రాజుగారి ముఖం జేవురించింది.

"నాకు గురువు లేడు!"

"చిత్తం. అయితే తమకు దిద్దించింది సరస్వతీదేవే అయి ఉంటుంది" అన్నాడు అవధాని అలసటగా. "పాపం, ఆ తల్లి బొటనవేలూ వంకరే కాబోలు."

రాజు తన ళ కేసి చూశాడు. అవధాని వేలి కేసి చూశాడు. ఆ వంకర వేలు తన పిడికిలిని పట్టుకుని ఇసుకలో నడిపించడం గుర్తొచ్చిందో ఏమో, ముందు ముక్కుతో, తర్వాత పొట్టతో, చివరికి సింహాసనం ఊగేలా నవ్వాడు.

"తప్పు నేర్పావు కదయ్యా! శిక్ష వెయ్యొద్దూ?"

"ముప్ఫై ఏళ్లు వేశారు గదా ప్రభూ."

రాజు నవ్వు ఆగిపోయింది. దిగివచ్చి, తన భోజనాల గదిలోని వెండిపువ్వుల పీట తెప్పించి, చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. భుజాన పట్టుశాలువా కప్పి, "ఇంకేం కావాలో అడుగు" అన్నాడు.

"నా వెనక చాపల మీద ఇంకా పదకొండుమంది ఉన్నారు. వాళ్లను పొమ్మనే ముందు వాళ్ల రాత ఎవరెవరి చేతుల్లో ఉందో చూడమనండి."

"అలాగే" అన్నాడు రాజు. ఆ రోజే శాసనానికి ఆ మాట చేర్చారు.

మర్నాడు అవధాని పీట మీద కూర్చున్నాడు. మోకాళ్లకు ప్రాణం లేచివచ్చింది. కాని ఇసుక చేతికి అందలేదు. నిట్టూర్చి మళ్లీ చాప మీదికి దిగి, పీటను వీపుకు ఆనించుకున్నాడు. ఇవాళైనా సరిగ్గా నేర్పుదామని ఓ బుడత చేతిని పట్టుకుని ళ తోకను బయటికి తిప్పబోయాడు. వేలు మొరాయించింది.

"పోనీలే నాయనా, లోపలికే చుట్టు" అన్నాడు. "ముందుముందు నిన్ను నేను గుర్తుపట్టాలి కదా."