నల్లబండకి ఏ పక్క?

చింతలవాగు ఎండిందంటే ఆ అడవికి ఇసకలో చెలమలే దిక్కు. నీళ్ళు ఎక్కడ దాగాయో చెప్పే గుర్తులు పన్నెండు. ఒక్కో గుర్తునీ మూడేసి జీవాలు కంఠతా పట్టాలి, ఆ మూడూ మూడు దిక్కుల్లో కాపురముండాలి. ఒకటి దూరమైతే మిగిలినవాళ్ళు ఆ రోజే ఇంకొకరికి నేర్పాలి. మాటల్లో తేడా వస్తే ఇద్దరు చెప్పిందే ఖాయం. గుర్తులు చెప్పుకునే వల్లెవేతకి ఎవరైనా వచ్చి వినొచ్చు, దాపరికమేం లేదు.

జింక చెంగమ్మకి ఈ తతంగమంటే ఒళ్ళుమంట. "మూడు నోళ్ళెందుకర్రా, ఒకటి చాలదూ?" అనేది. తూర్పుకొండ తగలబడి ఆఖరి గుర్తు కాపరుల్లో ఒకటైన ముళ్ళపంది పారిపోయిన నాడు, రెండో కాపరి తీతువు ఓ తొండని కూర్చోబెట్టి ఆ గుర్తు నేర్పుతుంటే పక్కున నవ్వింది. "దానికేమొచ్చు, తలాడించడం తప్ప!" ఆ గుర్తుకి మూడో కాపరి గుంటనక్క. ఎండలో ఎవడు తిరుగుతాడని అది వల్లెవేతకే రాలేదు.

ఆ వేసవికి పదకొండు చెలమలూ ఎండాయి. చెంగమ్మ కూన కాళ్ళు ముడుచుకుని కూలబడింది. ఇక మిగిలింది ఆఖరి గుర్తు చెప్పే నల్లబండ చెలమ ఒక్కటే.

"బండకి ఎడమ పక్క, వదినా," అంది నక్క, ఎంతో జాలిగా.

"కుడి పక్క," అంది తీతువు.

"దాని కూతే అపశకునం. దాని మాట నమ్ముతావా? ముళ్ళపంది ఉంటే నా మాటే చెప్పేది. ఏం చేస్తాం, లేదాయె."

రెండు పక్కలా తవ్వి చూసేదాకా కూన ఆగదు. అప్పుడు చెంగమ్మకి గుర్తొచ్చింది తొండ. పరిగెత్తి రాతి సందులో తల పెట్టి అడిగింది, "నాయనా, నల్లబండకి ఏ పక్క?"

తొండ రెండుసార్లు తలాడించి, "కుడి పక్క, నాలుగు అడుగుల అవతల," అంది.

తీతువుతో పాటు వెనకే వచ్చిన నక్క మొహం మాడిపోయింది. "వీడెప్పుడు చేరాడు?"

"నువ్వు పొదలో పడుకున్నప్పుడు," అంది తీతువు. "అందర్నీ ఎడమకి తోలి నీళ్ళన్నీ నువ్వే తాగుదామనుకున్నావు. కంచే చేను మేస్తుందని తెలిసే ముగ్గుర్ని పెట్టారు మన పెద్దలు."

కుడి పక్క తవ్వితే మోకాలి లోతున చల్లటి నీళ్ళు. కూన తాగి తోక ఊపింది. చెంగమ్మ కళ్ళు చెమర్చాయి. "నిన్ను చూసి నవ్వాను తొండా. నా బిడ్డని నిలబెట్టావు. ఈ మేలు మర్చిపోను."

"నాదేముంది అత్తా, తీతువు నేర్పింది, నేను మర్చిపోలేదు."

నక్క దూరంగా నాలుక చాపుకుని నిలబడింది. తీతువు పిలిచింది, "రా, తాగు. నీళ్ళు అందరివీ. గుర్తు మాత్రం ఇక నీ దగ్గర ఉండదు."

నక్క చోటు ఎవరికివ్వాలని తీతువు అడిగేలోపే చెంగమ్మ కూనని పక్కన కూర్చోబెట్టుకుని ఆ గుర్తు వల్లె వేయడం మొదలుపెట్టింది.

నీతి: ఒక్క నోట దాచిన మాట ఒక్క దెబ్బకి పోతుంది, నలుగురి నోట నానే మాట నిప్పుకీ కాలదు, నక్కకీ చిక్కదు.