ఉన్నమ్మ తల్లికి ప్రాణప్రతిష్ఠ జరగని కథ

ఉన్నమ్మ గుట్ట మీది గుడిలో అమ్మవారికి ముఖం ఉంది, భుజాలున్నాయి, కళ్ళు లేవు. భుజాల కింద నల్లరాయి అలాగే కొండలోకి దిగిపోయి ఉంటుంది. ఈ విగ్రహానికి ప్రాణప్రతిష్ఠ జరగలేదు. ఎందుకు జరగలేదో తెలియజేసే కథ ఇది.

పూర్వం ఈ గుట్ట దిగువన ఐతోజు అనే శిల్పి, భార్య కుందమతోనూ పెళ్ళీడుకొచ్చిన కూతురు మైలమతోనూ కాపురముండేవాడు. గుట్ట రాతిలోనే అమ్మవారిని మలచమని ఈ సీమనేలే సామంతుడు అతనికి పురమాయించాడు. పని సగంలో ఉండగా మైలమకు విషజ్వరం తగిలింది. జ్వరం దిగింది గానీ పిల్ల లేవలేదు. నోట్లో పెట్టింది మింగేది. పిలిస్తే ఉలుకూ పలుకూ లేదు. వైద్యుడు నాడి చూసి, ప్రాణం ఉందే గాని తెలివి వెళ్ళిపోయిందని, ఇక ఆ శరీరం రాయితో సమానమని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ మాట ఐతోజు మనసులో నాటుకుంది. చిన్ననాటి నుంచి అతడు రాతిని కొడుతూనే ఉన్నాడు. అది ఏనాడూ నొచ్చుకోలేదు. అతడు ఇంటికి రావడం తగ్గించాడు. వచ్చినా కూతురి మంచం వైపు చూసేవాడు కాడు. కుందమ మాత్రం పిల్లకు తల దువ్వుతూ వాడలోని సంగతులన్నీ చెబుతూనే ఉండేది. ఎవరితో మాట్లాడుతున్నావని ఒకనాడు భర్త విసుక్కున్నాడు.

“ఉందో లేదో నాకు తెలియదు. ఉండి, మనం పిలవకపోతేనో?” అన్నది ఆమె.

ఐతోజు ఉలి అందుకుని గుట్టెక్కాడు. ఆనాడు అమ్మవారి కళ్ళు మలచవలసి ఉంది. ఎండకు తాళలేక రాతి నీడన నడుం వాల్చగా కునుకు పట్టింది. కలలో అతడు అమ్మవారిని, ఈ రాతిలోకి వచ్చి కొలువుండమని వేడుకుంటున్నాడు.

“రమ్మంటున్నావు. నేను ఇక్కడ లేనిదెప్పుడు?” అన్నది తల్లి.

మెలకువ వచ్చి, లేవబోతూ రాతి మీద చేయి ఆనించాడు. జ్వరం వచ్చిన ఒంటిలా వెచ్చగా తగిలింది. ఎండకు కాగిన రాయి, అంతేనని అతనికి తెలుసు. అయినా ఉలి పెట్టడానికి చేయి సాగలేదు. నేరుగా ఇంటికి వచ్చి కూతురి పక్కన కూర్చున్నాడు.

“మైలమా, నేను, మీ అయ్యను,” అని పిలిచాడు. ఇన్నాళ్ళు పలకరించనందుకు ఏమీ అనుకోవద్దని చెప్పాడు. పిల్ల కదలలేదు. అయినా ఆనాటి నుంచి రోజూ కూర్చుని మాట్లాడాడు.

మైలమ ఆపైన కొన్నేళ్ళు బ్రతికింది. ఎన్నడూ మాట్లాడలేదు. పోను పోను తండ్రి గొంతు వినబడితే మాత్రం ముఖం అటు తిప్పేది. అది ఎరుకో, ఒంటికి అబ్బిన అలవాటో చెప్పలేనన్నాడు వైద్యుడు. ఐతోజు అడగనూ లేదు.

ప్రతిష్ఠకు వచ్చిన ఆచార్యుడు కళ్ళు లేని విగ్రహాన్ని చూసి కారణమడిగి, శిల్పి చెప్పినదంతా విన్నాడు. జడమైన శిలలోకి మంత్రంతో చైతన్యాన్ని రప్పించడం ఆయన విద్య. అయినా మంత్రం ఎత్తుకోలేదు.

“ఇప్పుడు ఆవాహన చేస్తే, ఇంతవరకు తల్లి ఇక్కడ లేదన్నట్టే అవుతుంది,” అని, కలశంలోని నీళ్ళు రాతి మీద పోసి నమస్కరించాడు. సామంతుడూ సరేనన్నాడు. ఉన్న అమ్మ గనుక ఉన్నమ్మ అయింది.

నేటికీ మాట పడిపోయినవారిని, పలుకు రాని బిడ్డలను భక్తులు ఇక్కడికి మోసుకొస్తారు. ఇంటివారు అమ్మ ఎదుట కూర్చుని వారికి కబుర్లు చెబుతారు. మాట తిరిగి వస్తుందని ఈ క్షేత్రంలో ఎవరూ చెప్పరు. చెప్పుకున్నవారికి మనసు కుదుటపడుతుందని పెద్దలంటారు. తీర్థం ముందుగా ఆ పలకలేనివారికే. అర్చకుడు పేరు అడిగి, ఆ పేరుతో వారిని పిలిచి, జవాబు కోసం కాసేపు ఆగి, తరువాతనే పోస్తాడు.